ముప్పై ఏడో నంబరు పళ్ళెం

సన్యాసిరాజుకి పదమూడేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డర్ జయంత్ వరండాలో నిలబడి ఉత్తరాలు వచ్చినవాళ్ళ పేర్లు పిలిచేవాడు. ఖైదీలు వారానికి ఇన్నిసార్లని ఇంటికి ఫోను చేసుకోవచ్చు. కానీ ఫోను చెయ్యాలంటే అవతల ఎత్తేవాడొకడు ఉండాలి. సన్యాసిరాజుకి లేడు.

అతనిది తగరపువలస అవతల ఒక పల్లె. పొలం గట్టు దగ్గర తగువొచ్చి పెదనాన్న కొడుకుని గునపంతో కొట్టాడు. కొట్టింది ఒక్క దెబ్బే. ఆ మనిషి చచ్చిపోయాడు, ఇతనికి యావజ్జీవం పడింది. తల్లి రెండేళ్ళు ములాఖాత్‌కి వచ్చింది, మూడో ఏడు ఆవిడా పోయింది. భార్య వేరే పెళ్ళి చేసుకుంది. ఊరు అతన్ని మర్చిపోయింది. హంతకుణ్ణి మర్చిపోయే హక్కు ఊరికుంది. ఆ మాట అతనూ కాదనలేదు.

అతనికి కావలసింది జాలి కాదు, క్షమాపణా కాదు. జయంత్ గొంతులో తన పేరు వినపడాలి. చేతికో కవరు రావాలి. ఆ కవరు మీద తన పేరు రాసిన మనిషొకడు బయటెక్కడో తిని, తిరిగి, దగ్గి, తిట్టుకుని బతుకుతూ ఉండాలి. అంతే.

జైలు బేకరీలో అతను పిండి కలిపేవాడు. కనపడ్డ చిరునామాకల్లా ఉత్తరం రాసేవాడు. ఈస్టు ప్యాకెట్టు వెనక అడ్రసుంటే, "మీ ఈస్టు బాగా పొంగుతోంది. మీరంతా కులాసాయేనా?" అని రాశాడు. జవాబు లేదు. సబ్బుల కంపెనీకి రాశాడు. జవాబు లేదు. గోడ మీద క్యాలెండర్ వేసిన అప్పడాల కంపెనీకి రాస్తే, వాళ్ళు ఏజెన్సీ కోసమనుకుని ఒక ఫారం పంపారు. ఆ రోజు జయంత్ వరండాలో నిలబడి, "డీలరు గారూ! ఎవరర్రా ఇక్కడ డీలరు గారు?" అని పిలిచాడు. బ్యారక్ బ్యారక్ అంతా పడీ పడీ నవ్వింది. అది లెక్కలోకి రాదు.

పక్క పరుపు ఇద్రీస్‌ది. పట్నంలో పాత ఊరనే పేటలో దర్జీ. ఎవరిదో ఇల్లు తనదని చెప్పి ముగ్గురికి అమ్మి లోపలికొచ్చాడు. దరఖాస్తులు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. సన్యాసిరాజు బాధ చూడలేక ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

"అడ్రసు కోసం ప్రపంచమంతా వెతుకుతావేంటి భాయ్? నువ్వు అన్నం పెట్టుకున్నదే అడ్రసు మీద కదా."

సన్యాసిరాజు అన్నం పక్కకి జరిపి చూశాడు. స్టీలు పళ్ళెం అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. "గొర్లె పోతమ్మ. భర్త రమణమూర్తి. క్వార్టర్ 214, సెక్టార్ 5, ఉక్కునగరం. 50లో 37." నాలుగేళ్ళ కిందట ఎవరో జైలుకి దానం చేసిన పళ్ళేలు. గిన్నె కొన్నా పళ్ళెం ఇచ్చినా పేరు కొట్టించకుండా వదలని జనం మనవాళ్ళు. ఇతనెవరో పేరుతో ఆగలేదు, నంబరు కూడా వేయించాడు. ఇద్రీస్ పళ్ళెం మీద కూడా పోతమ్మే. కాకపోతే అది పన్నెండో నంబరు.

సన్యాసిరాజు ఆ సాయంత్రమే రాశాడు.

"పోతమ్మ అక్కకు నమస్కారాలు. నేను నాలుగేళ్ళుగా మీ పళ్ళెంలో తింటున్నాను. అందుకని అక్కా అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. నా పేరు సన్యాసిరాజు. యావజ్జీవ ఖైదీని. నాకు డబ్బు వద్దు, లాయరు వద్దు, సిఫార్సు వద్దు. వీలున్నప్పుడు రెండు ముక్కలు రాస్తే చాలు. ఈ రోజు మీ ఇంట్లో ఏం కూర?"

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం జయంత్, "సన్యాసిరాజు!" అన్నాడు. ఎవరూ లేవలేదు. సన్యాసిరాజు కూడా లేవలేదు, ఇంకో సన్యాసిరాజు ఎవడైనా ఉన్నాడేమోనని అటూ ఇటూ చూశాడు.

"నిన్నేరా బాబూ, డీలరూ! ఒచ్చి తీసుకో."

కవరు మీద నీలం సిరా, గీత మీద పేర్చినట్టున్న గుండ్రటి అక్షరాలు. లోపల ఐదారు వాక్యాలు.

"సన్యాసిరాజు గారికి. మీ ఉత్తరం అందింది. నేను రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి రెండేళ్ళయింది. పోస్ట్‌మాన్ వెతుక్కుంటూ కూర్మన్నపాలెం తెచ్చి ఇచ్చాడు. పోతమ్మ మీకు రాయదు. మీరు కూడా రాయవద్దు. అడిగారు కనుక చెబుతున్నాను, ఆ రోజు కూర చెయ్యలేదు. ఇట్లు, జి. రమణమూర్తి, రిటైర్డ్ స్టోర్‌కీపర్."

బ్యారక్‌లో ఆ ఉత్తరం చేతులు మారి మారి మెత్తబడిపోయింది. ఇద్రీస్ మూడుసార్లు చదివి, కోర్టులో వాదించేవాడిలా వేళ్ళు మడిచాడు.

"చూడు భాయ్. రిటైరయ్యాడు. ఇల్లు మారాడు. కూర వండుకోలేదు. రాయొద్దనేవాడు ఇన్ని కబుర్లు చెబుతాడా? కవరు వెనక కొత్త అడ్రసు చూడు, పిన్‌కోడుతో సహా!"

సన్యాసిరాజుకి ఆ వాదన నచ్చింది. జవాబు రాశాడు. అక్క మొగుడు బావ అవుతాడు కాబట్టి "బావగారికి" అని మొదలుపెట్టాడు. కూర ఎందుకు చెయ్యలేదు, అక్కకి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బేకరీలో బన్నులెలా చేస్తారో రెండు పేజీలు రాశాడు.

ఈసారి జవాబు తొమ్మిది రోజుల్లో వచ్చింది.

"నేను మీకు బావను కాను. నాకు బామ్మర్దులు ఇద్దరున్నారు. ఇద్దరూ ఎక్కువే. రాయవద్దని రాశాను. మీకు చదవడం రాదా?"

"ఏడో తరగతి పాసయ్యాను బావగారూ. మీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, చదవడం తేలిక."

"ఎవరిని చంపారు?"

"పెదనాన్న కొడుకుని. గట్టు గురించి. తప్పు నాదే."

"సరే. పళ్ళెం దేనితో తోముతున్నారు? ఇటుక పొడి వాడకండి. పేరు అరిగిపోతుంది."

ఇలా నాలుగు నెలలు నడిచింది. ప్రతి ఉత్తరంలోనూ ఆయన రాయవద్దనేవాడు. ప్రతిసారీ తిరుగు టపాలో రాయవద్దనడానికి ఇంకో ఉత్తరం రాసేవాడు. లోపలికొచ్చే ఉత్తరాలన్నీ ముందు ఆఫీసులో చదవాలి. ఆ పని జయంత్‌ది. వారం వారం వచ్చే సీరియల్లా ఆఫీసంతా వాటి కోసం కాచుకుని కూర్చునేది. ఒకసారి ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే సూపరింటెండెంట్ గారే, "ఆ స్టోర్‌కీపర్ ఇంకా తిట్టలేదా?" అని అడిగాడట.

సన్యాసిరాజుకి మాత్రం ఒక వెలితి ఉండిపోయింది. రాసేదంతా బావే. అక్క ఒక్క ముక్క రాయదు. ఆవిడ రాస్తానంటే ఈయనే ఆపుతున్నాడని అతని అనుమానం. చివరికి ధైర్యం చేసి రాశాడు. "బావగారూ, కోపం వద్దు. అక్క చేత ఒక్క సంతకం పెట్టించండి చాలు. పళ్ళెం మీద పేరు చూస్తుంటే మొహం ఎలా ఉంటుందో అనిపిస్తుంది."

ఈ ఉత్తరానికి నెల రోజులు జవాబు రాలేదు. తర్వాత వచ్చింది.

"పోతమ్మ లేదు. పోయి ఐదేళ్ళయింది. సంవత్సరీకానికి జైలుకి పళ్ళేలిచ్చాను. పేరు ముందు కీర్తిశేషులు అని కొట్టించలేదు. చచ్చినవాళ్ళ పేరు చూసుకుంటూ ఎవరికీ ముద్ద దిగదని. అది నా తప్పు. యాభై పళ్ళేలిచ్చాను. నలభై తొమ్మిది నోరు మూసుకుని అన్నం పెడుతున్నాయి. మీది ఒక్కటే ఉత్తరాలు రాస్తోంది. దాన్ని వెనక్కి పంపండి. ఆ తర్వాత మీరు రాయనక్కర లేదు, నేనూ రాయను."

సన్యాసిరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి, కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్ళు గుమ్మరించుకున్నాడు. సబ్బు రాయలేదు. తల తుడుచుకోలేదు. తడిబట్టలతో వచ్చి వరండాలో కూర్చున్నాడు.

"ఏమైంది భాయ్?" అన్నాడు ఇద్రీస్.

"మా అక్క పోనాది. మూడ్రోజులు మైల. నన్ను ముట్టుకోకు."

"ఐదేళ్ళ కింద పోయిందని రాశాడు కదా!"

"నాకు ఇయ్యాలే కదా తెలిసింది? విన్నకాడ్నించే మైల."

ఇద్రీస్ తన పళ్ళెం తీసుకుని చూసుకున్నాడు. "మరి నా ప్లేటు మీద కూడా పోతమ్మే. నేనేం చెయ్యాలి?"

"నువ్వు అక్కా అని రాసినావేటి?"

"లేదు."

"అయితే నీకు లేదు."

మర్నాడు సన్యాసిరాజు బేకరీకి వెళ్ళాడు గానీ పిండి ముట్టుకోనన్నాడు. మైలలో ఉన్నవాడు కలిపిన పిండి నలుగురికీ పెట్టకూడదని అతని పట్టు. విషయం సూపరింటెండెంట్ దాకా వెళ్ళింది. ఆయన పిలిపించి, రిజిస్టర్ తెరిచి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"నీకు అక్క ఉన్నట్టు రికార్డులో లేదే?"

"రికార్డులో లేదు సార్. పళ్ళెం మీద ఉన్నాది."

సూపరింటెండెంట్ జైలు మాన్యువల్ తిరగేశాడు. అందులో తల్లీ తండ్రీ, భార్యా బిడ్డలూ, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ ఉన్నారు. పళ్ళెం గురించి మాత్రం ఏమీ లేదు. ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. చివరికి మూడు రోజులు తోట ఊడవమని పంపేశాడు. ఆ మూడు రోజులూ ఇంకెవడో పిండి కలిపాడు. బన్నులు ఇటుకల్లా వచ్చాయి. జైల్లో పోతమ్మని తిట్టనివాడు లేడు. తిట్టినవాళ్ళలో చాలామంది ఆవిడ పళ్ళెంలోనే తిన్నారు.

ఈ సంగతంతా సన్యాసిరాజు రాశాడు. తడిబట్టలు, మైల, తోట, బన్నులు, ఏదీ దాచలేదు.

జవాబులో ఆయన మొదటిసారి మీరు అనడం మానేశాడు. "నీకు మైల పట్టే హక్కు ఎవడిచ్చాడు? ఆమె నీకేమవుతుంది? పళ్ళెం పంపు."

సన్యాసిరాజుకి చిక్కొచ్చి పడింది. పళ్ళెం ఇవ్వకపోతే ఆ మనిషిని బాధపెట్టినట్టు. ఇచ్చేస్తే ఉత్తరాలు ఆఖరు. పదమూడేళ్ళకి బయట ఒక్క మనిషి దొరికాడు. ఆ ఒక్కడూ అడిగింది ఒక్కటే, అదిచ్చేస్తే వెళ్ళిపోతానంటున్నాడు.

దారి ఇద్రీస్ చూపించాడు. "పళ్ళెం నీదా? కాదు. జైలుది. సర్కారు సొత్తు ఊరికే ఇస్తారా? దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు అంటే ఫైలు. ఫైలు అంటే..." చెయ్యి గాల్లో ఎగిరిపోతున్నట్టు ఊపాడు. "నువ్వు జుబ్బా నెరిసేదాకా."

"జుట్టు."

"జుట్టూ జుబ్బా రెండూ. బేఫికర్‌గా ఉండు."

దరఖాస్తు పెడుతున్నానని సన్యాసిరాజు రాశాడు. దరఖాస్తు పేరు వినగానే రమణమూర్తికి ప్రాణం లేచొచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసిన మనిషి. రిటైరయ్యాక ఆయన్ని దరఖాస్తు గురించి అడిగినవాడు లేడు. మూడు పేజీలు రాసి పంపాడు. ముందు స్టాక్ రిజిస్టర్‌లో పేజీ నంబరు కనుక్కోవాలి. తర్వాత దానపత్రం నకలు జతచెయ్యాలి. బదులుగా ఇంకో పళ్ళెం దాత ఇస్తాడని హామీ రాయాలి. మార్జిన్ ఎడమవైపు రెండు అంగుళాలు వదలాలి. చివర్న, అడగకుండానే, "ఈ రోజు వంకాయ" అని రాశాడు.

సన్యాసిరాజు మార్జిన్ అంగుళమే వదిలి నమూనా పంపేవాడు. ఆయన తిట్టి సరిచేసి పంపేవాడు. పేజీ నంబరు తప్పు రాసేవాడు. మళ్ళీ తిట్లు. ఒక ఉత్తరంలో ఆనపకాయ, ఒక ఉత్తరంలో కోడిగుడ్డు పులుసు. ఇంకోదాంట్లో "నెత్తళ్ళ చేపలు తెచ్చాను, మాడ్చాను. ఆమె ఉంటే మాడేవి కావు" అని ఉంది. ఆ చివరి వాక్యం కొట్టేసి ఉంది. కొట్టేసినా కనపడుతోంది. సన్యాసిరాజు దాన్ని చదవనట్టే జవాబు రాశాడు.

అలా ఏడు నెలలు లాగాడు. ఆఖరికి లాగడానికి సాకు లేక, దరఖాస్తు నిజంగానే ఆఫీసులో ఇచ్చాడు. ఏడాదికి తక్కువ కాకుండా మూలుగుతుందని ఇద్రీస్ మాట ఇచ్చాడు.

సూపరింటెండెంట్ దాన్ని ఒకసారి చూశాడు. ఎడమవైపు రెండు అంగుళాల మార్జిన్. పేజీ నంబరు, నకలు, హామీ. ఏ లోపమూ లేదు. "ఇంత శుభ్రమైన దరఖాస్తు నా సర్వీసులో చూళ్ళేదు" అని అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

సన్యాసిరాజు మొహం మాడిన బన్నులా అయింది. ఇద్రీస్ తలపట్టుకున్నాడు.

"నాశనం. మీ బావ మరీ బాగా నేర్పేశాడు."

ఆ మాట ఉత్తరంలో రాయడానికి సన్యాసిరాజుకి చెయ్యి రాలేదు. "ఫైలు ఇంకా కదల్లేదు బావగారూ" అని రాశాడు. గునపం ఎత్తిన రోజున కూడా అబద్ధం ఆడని మనిషి. పోలీసులు అడిగితే నేనే కొట్టానన్నాడు, జడ్జి అడిగితే నేనే కొట్టానన్నాడు. ఇప్పుడు ఒక పళ్ళెం కోసం ఆడాడు. పది రోజుల తర్వాత మళ్ళీ ఆడాడు.

ఇరవై రెండో రోజున బేకరీ గుమ్మంలో జయంత్ నిలబడ్డాడు. నవ్వాపుకోలేక చెంపలు ఉబ్బిపోయాయి.

"చెయ్యి కడుక్కుని రారా. ములాఖాత్. మీ బావొచ్చినాడు."

సన్యాసిరాజు చేతిలో పిండిముద్ద జారి తొట్టెలో పడింది.

"గేటు కాడ అరగంట తగువు," దారిలో జయంత్ చెప్పాడు. "ఖైదీకి ఏమవుతారు అని గడి ఉంటాది కదా ఫారంలో. దాత అని రాస్తానంటాడు. అలాటిది కుదర్దు, సుట్టమో స్నేహితుడో రాయమన్నాం. 'ఆడికి నాను స్నేహితుణ్ణేటి? నాను బతికున్నంతకాలం కాను' అని ఎగిరినాడు. గొడుగు బల్లకేసి కొట్టినాడు. మరెలాగ తాతా, ఎల్లిపో అంటే, నా చేతిలో పెన్ను లాక్కుని బావ అని రాసీసినాడు."

ములాఖాత్ గదిలో ఇనప జాలీ అవతల పొట్టి మనిషి. చొక్కా జేబులో మూడు పెన్నులు, చంకలో గొడుగు. వానాకాలం కాదు. కూర్చోమని కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నువ్వేనేటి ముప్పై ఏడు?"

"నానే బావ. దండాలు."

"దండాలు తర్వాత పెడుదువు గాని. ఫైలు మీద సంతకం ఎప్పుడయినాది?"

సన్యాసిరాజు కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ముప్పై నాలుగేళ్ళు స్టోర్స్‌లో సేసినాన్రా. ఫైలు కదల్లేదని నాను ఎంతమందికి సెప్పుంటాను? నాకే సెప్తావా? లోపలికి రాకముందే ఆఫీసులో రిజిస్టరు సూసొచ్చినాను. ఇరవై రెండ్రోజులయినాది."

"అబద్ధం ఆడినాను బావ."

"ఎందుకాడినావు?"

"పళ్ళెం ఇచ్చీస్తే నువ్వింక రాయవు కదా. మరి నాకెవులు రాస్తారు?"

"రాయను. మొదటి కాగితం మీదే రాసినాను కదా రాయనని."

"రాసినావు బావ."

"మనిషిని సంపినావని సెప్పినప్పుడు సరే అన్నాను. నిజం సెప్పినావని. ఇది సరే అనను."

సన్యాసిరాజు తలూపాడు. అందులో అన్యాయమేమీ అతనికి కనపడలేదు. పక్కన ఇంకో ఖైదీ భార్యతో ఏడుస్తూ మాట్లాడుతున్నాడు. రమణమూర్తి అటు చూసి మొహం చిట్లించి, ఇటు తిరిగాడు.

"నిజంగా బట్టల్తోనే తానం సేసినావేటి?"

"సేసినాను బావ."

"సబ్బు?"

"మైల్లో రాయకూడదు కదా."

"ఊఁ." గొడుగు పిడి అటూ ఇటూ తిప్పాడు. "నా బామ్మర్దులు దినానికొచ్చినారు. ఒకడు పప్పులో ఉప్పు సాల్లేదన్నాడు. రెండోవోడు ఆల్ల అక్క చేతి గాజులు ఎవులికిచ్చినావని అడిగినాడు. ఆల్లెవులూ తడవలేదు."

"ఏటొచ్చి పోనాది బావ, అక్క?"

"షుగరు. కాలు తీసేయాలన్నారు. తీయనివ్వలేదు. మొండిది." గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. "అక్క అనకు."

"అలాగే బావ."

"బావా అనకు."

సన్యాసిరాజు ఇంకోసారి దండం పెట్టాడు. అంతలో టైమైపోయిందని గంట కొట్టేశారు.

ఆఫీసులో పళ్ళెం అప్పగించారు. సన్యాసిరాజు ముందురోజే తోమినట్టు తళతళలాడుతోంది. నిజానికి అతను దాన్ని రోజూ అలాగే తోమేవాడు, పేరు ఉన్నచోట మాత్రం వేలితో. రమణమూర్తి దాన్ని కిటికీ వెలుగులో పెట్టి ముందూ వెనకా తిప్పాడు. అంచు చుట్టూ బొటనవేలు నడిపాడు. అక్షరాల దగ్గర వేలు ఆగింది, మళ్ళీ కదిలింది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి రసీదు రాశాడు. "37వ నంబరు పళ్ళెం ఒకటి. సొట్టలు లేవు, గీతలు లేవు. బదులుగా కొత్త పళ్ళెం ఒకటి ఇచ్చాను." సంతకం పెట్టి, పళ్ళెం పాత పేపర్లో చుట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

కొత్త పళ్ళెం మీద ఏ పేరూ లేదు. అద్దంలా ఉంది. అన్నం పెట్టుకోబోతే తన మొహమే కనపడేది సన్యాసిరాజుకి. అది అతనికి నచ్చలేదు.

మూడు ఉత్తరాలు రాశాడు. మొదటిదాంట్లో క్షమించమన్నాడు. రెండోదాంట్లో క్షమించక్కర్లేదు, క్షేమంగా ఉన్నానని ఒక ముక్క రాయమన్నాడు. మూడోదాంట్లో ఏం రాయాలో తోచక, ఆ రోజు జైల్లో ఏం కూరో రాశాడు. జవాబు లేదు. మధ్యాహ్నం జయంత్ వరండాలో పేర్లు పిలిచి, చివర్న సన్యాసిరాజు వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. ఇద్రీస్ కూడా సలహాలివ్వడం మానేశాడు. ఐదు వారాలు అలా గడిచాయి. సన్యాసిరాజు వరండాలోకి రావడమే మానేశాడు. భోజనం అవగానే బేకరీలోకి పోయి, కలిపిన పిండే మళ్ళీ కలిపేవాడు.

ఆరో వారం జయంత్ కవరు పట్టుకుని బేకరీకే వచ్చాడు.

"డీలరు గారూ! మీకు మెమో ఒచ్చినాది."

అది ఉత్తరంలా లేదు. ఎడమవైపు రెండు అంగుళాల మార్జిన్, పైన తేదీ, కింద గీత.

"విషయం: 37వ నంబరు పళ్ళెం, సొట్ట గురించి. పై పళ్ళెం ఇంటికి తెచ్చి పరిశీలించగా అంచున ఒక సొట్ట కనపడింది. నేను దానమిచ్చినప్పుడు ఇది లేదు. ఇది ఏ తేదీన, ఎవరి వల్ల, ఏ పరిస్థితుల్లో పడిందో పూర్తి వివరాలతో సంజాయిషీ రాయవలెను. నిజమే రాయవలెను. ఒక్క పేజీలో ముగిస్తే అంగీకరించబడదు. ఇట్లు, జి. రమణమూర్తి."

ఇద్రీస్ లాక్కుని చదివాడు. "సొట్టా? ఎక్కడ సొట్ట? ఆ ప్లేటుకి సొట్ట లేదు భాయ్!"

"లేదు," అన్నాడు జయంత్. "సొట్టలు లేవని ఆయనే రాసిచ్చిన రసీదు ఆఫీసులో నా బీరువాలో ఉన్నాది. కావాలంటే తెచ్చి సూపిస్తాను."

సన్యాసిరాజు చేతులకున్న పిండి నెమ్మదిగా నలిపి వదిలించుకున్నాడు. ఆ పళ్ళెం అంచు అతని వేళ్ళకి కంఠతా వచ్చు.

"బావ ఉన్నాదన్నాడు కదా," అన్నాడు. "స్టోర్స్‌లో సేసిన మనిషి. ఉంటాది. నువ్వా రసీదు బీరువాలోనే ఉంచీ బాబూ, బయటికి తీకు. నాకో నాలుగు కాగితాలు కావాల."

"నాలుగు సాల్తాయేటి?"

"ఐదియ్యి."

పిండి బల్ల ఒక మూల తుడుచుకుని కూర్చున్నాడు. ఎడమవైపు రెండు అంగుళాలు స్కేలు లేకుండానే వదిలి, మొదలుపెట్టాడు.

"బావగారికి నమస్కారాలు. సొట్ట పడిన మాట నిజం. అది ఎలా పడిందో మీకు తెలియాలంటే, ముందు మా బేకరీలో తలుపు ఎటువైపు ఉంటుందో చెప్పాలి..."